ఏటికి అవతల 39 వేలు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో ఒక ఊరు. నాకు నలుగురు పిల్లలు. రెండో పాప నాలుగో తరగతి, బాబు రెండో తరగతి, ఇద్దరూ ఊళ్లో సర్కారు బడిలోనే చదువుతున్నారు. చిన్నదానికి రెండేళ్లు. పెద్దదానికి పన్నెండు. మా ఆయన మిర్యాలగూడలో రైసు మిల్లుల దగ్గర హమాలీ. నేను పత్తి ఏరడానికి, నాట్లకు, ఎండాకాలం ఉపాధి పనికి పోతాను. భూమి లేదు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. మా చెల్లెల్ని మాచర్లలో ఇచ్చాం. దానికి ముగ్గురు పిల్లలు. బడులు తెరిచిన నెలలో ముగ్గురికీ కలిపి దాని ఖాతాలో 39 వేలు పడ్డాయి. నాకు నలుగురున్నా అలాంటిదేమీ లేదు. చిన్నది పుట్టినప్పుడు అడిగితే నాలుగో కాన్పుకు డబ్బు రాదన్నారు. రేషన్ కార్డులో దాని పేరు ఇంకా ఎక్కలేదు. వేసవిలో రెండు నెలలు కరెంటు బిల్లు కట్టాల్సి వచ్చింది. ఎక్కడికి వెళ్లినా "ఎవరు కనమన్నారు?" అంటారు, ఇంట్లో అత్తమ్మ కూడా అదే మాట. రెండోదాన్ని, బాబును తన దగ్గరికి పంపితే అక్కడి బడిలో చేర్చి, తన పిల్లలతో పాటు వాళ్ల పేర్లు కూడా రాయిస్తానని, వచ్చిన డబ్బు నాకే ఇస్తానని చెల్లెలు అంటోంది. చిన్నదాన్ని చూసుకోవాలి కాబట్టి పెద్దదాన్ని పంపలేను. ఆ ఇద్దరినీ పంపమంటారా? అంత్యోదయ కార్డుకు పెట్టుకొమ్మని ఒకరు చెప్పారు. అది మంచిదేనా?

— ఒక తల్లి, పెద్దవూర మండలం

జవాబు: అమ్మా, పంపవద్దు. ఈ మాట చివరిదాకా దాచి ఊరించడం నాకు ఇష్టం లేదు, అందుకే ముందే చెబుతున్నాను. మీ చెల్లెలి మనసు మంచిదే. ఆమె చెప్పిన దారిలోనే చిక్కు ఉంది.

ఆమెకు పడిన డబ్బు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్‌లో మొదలుపెట్టిన తల్లికి వందనం పథకానిది. ఒక్కో బిడ్డకు ఏడాదికి 15 వేలు. అందులో 2 వేలు బడి నిర్వహణ కోసం మినహాయించి 13 వేలు తల్లి ఖాతాలో వేస్తారు. ముగ్గురికి 39 వేలు, లెక్క సరిపోయింది. అయితే ఆ డబ్బు ఏ బిడ్డకు ఏ తల్లో చూసి పడుతుంది. అక్కడి గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర ప్రతి ఇంటి వివరాలూ ఆధార్ నంబర్లతో సహా ఉంటాయి. మీ పిల్లలకు తల్లి మీరు. మీ చెల్లెలు వాళ్లకు పిన్నే అయినా కంప్యూటర్‌కు తెలిసేది ఒక్కటే, ఆమె తల్లి కాదు. తన పిల్లలుగా రాయిస్తే అది తప్పుడు సమాచారం అవుతుంది. అది బయటపడితే తన ముగ్గురికి వస్తున్న డబ్బుకు కూడా ఆమె చిక్కు తెచ్చుకున్నట్లే. మీరే మాచర్ల కుటుంబంగా మారి అక్కడ కార్డు తీసుకుంటే తప్ప ఆ ఇద్దరికీ కలిపి 26 వేలు మీకు రావు. అలా మారితే ఇక్కడి కార్డు వదులుకోవాలి. రెండు రాష్ట్రాల కార్డుల్లో ఒకే ఆధార్ నిలవదు.

ఇంకో సంగతి కూడా మీ చెల్లెల్ని అడిగి చూడండి. 2020 జనవరిలో అక్కడ అమ్మ ఒడి అనే పథకం వచ్చింది. అదీ 15 వేలే, కానీ ఏడాదికి తల్లికి ఒక్కసారే. బడికి వెళ్లే పిల్ల ఒకరున్నా అంతే, ముగ్గురున్నా అంతే. ముగ్గురున్న తల్లికి బిడ్డకు 5 వేల చొప్పున పడినట్లు. 2025లో పేరు మారిందని అందరూ మాట్లాడుకున్నారు. నా దృష్టిలో పేరు సంగతి చిన్నది, మారింది కొలత. తల్లిని లెక్కపెట్టడం మానేసి బిడ్డను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మీ చెల్లెలి ఇంట్లో 39 వేలు కనిపించింది ఆ కొలత మారినందుకే.

మీ ఉత్తరంలో ఉన్న కష్టాలన్నీ ఈ కొలతల దగ్గరే పుట్టాయి. సర్కారు ఇచ్చే దాంట్లో కొన్ని తలకు ఇంత అని వస్తాయి, కొన్ని గడపకు ఇంత అని వస్తాయి. ఇంకొన్ని ఇది ఎన్నో కాన్పు అని అడిగి వస్తాయి. నలుగురు పిల్లలున్న ఇంటికి మొదటి రకం మేలు, రెండో రకం ఇరుకు, మూడో రకం మూసిన తలుపు. ఏది ఏ రకమో తెలిస్తే ఎక్కడ గట్టిగా నిలబడి అడగాలో, ఎక్కడ చెప్పులు అరగదీసుకోకూడదో తెలుస్తుంది.

తలకు వచ్చే వాటిలో పెద్దది బియ్యం. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, నా ఉద్యోగమంతా దాని చుట్టూనే గడిచింది కనుక. రాష్ట్రం విడిపోక ముందు నేను పాలమూరు జిల్లాలో పౌరసరఫరాల పనిలో ఉన్నాను. అప్పట్లో మనిషికి 4 కిలోలు, కానీ కార్డుకు 20 కిలోలు మించకూడదు. ఐదుగురి దాకా లెక్క సరిగ్గా ఉండేది. ఆరో మనిషి నుంచి కార్డులో పేరే ఉండేది, గింజ ఉండేది కాదు. నాగర్‌కర్నూలు వైపు ఒక ఊళ్లో తనిఖీకి వెళ్లినప్పుడు ఒకామె రెండు సంచులు తెచ్చుకుంది. ఇంట్లో ఏడుగురు. ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది అని ఎవరో చదువుకున్న పిల్ల చెప్పి పంపినట్లుంది. డీలరు ఒక సంచిలో 20 కిలోలు తూచి పోసి కార్డు మీద టిక్కు పెట్టాడు. ఆమె రెండో సంచిని మూతి తెరిచి పట్టుకుని అలాగే నిలబడింది. వరసలో వెనకున్నవాళ్లు జరగమంటే జరిగింది. ఆ ఖాళీ సంచిని నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకుని వెళ్లడం నాకిప్పటికీ గుర్తు. డీలరు తప్పు లేదు, నా తప్పూ లేదు. నిబంధన అలా ఉంది.

2015 జనవరి 1 నుంచి తెలంగాణలో ఆ 20 కిలోల పరిమితి ఎత్తేశారు. మనిషికి 6 కిలోలు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ఆరులు. ఇంటి నిండా పిల్లలున్న వాళ్లకు ఈ పదేళ్లలో జరిగిన పెద్ద మార్పు ఏదంటే నేను దీన్నే చెబుతాను. దీనికి పండగలూ సభలూ పెద్దగా జరగలేదు. సభలు జరిగింది తర్వాత వచ్చిన సన్నబియ్యానికి, 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో. కొత్త కార్డుల పంపిణీకి అదే ఏడాది జూలైలో తుంగతుర్తి నియోజకవర్గంలోని తిరుమలగిరిలో జరిగింది. రెండూ మన పాత నల్లగొండ జిల్లాలోనే. అంత దగ్గరలో సభలు జరిగినా మీ చిన్నదాని పేరు కార్డులోకి ఎక్కకపోవడం నాకు బాధగానే ఉంది.

ఆ పేరు లేనందువల్ల నెలకు 6 కిలోలు, ఏడాదికి 72 కిలోలు పోతున్నాయి. పాతిక కిలోల బస్తాలైతే దాదాపు మూడు. మీ ఆయన రోజంతా బస్తాలు మోసే మనిషి, ఆయనకు చెప్పండి, లెక్క నాకన్నా బాగా తెలుస్తుంది. కార్డులో ఇప్పుడు ఆరుగురైతే 36 కిలోలు వస్తున్నాయి. చిన్నది చేరితే 42. ముందు పాప జనన ధ్రువపత్రం, ఆధార్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, పుట్టిన తేదీ కలవకపోయినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఎవరూ ఫోను చేసి చెప్పరు. రెండూ కలిశాక మీసేవలో సభ్యుల చేర్పుకు దరఖాస్తు పెట్టండి. రసీదు మీద ఉన్న నంబరు జాగ్రత్త. నెల దాటినా కదలకపోతే ఆ నంబరుతో తహసీల్దార్ కార్యాలయానికి వెళ్లండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒక కాగితం ఇచ్చి దానికీ రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగినవాళ్లకు నోటిమాటగానే జవాబు వస్తుంది.

బాబు ఆధార్ కూడా ఒకసారి చూడండి. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కంటిపాప గుర్తులు ఇచ్చి ఆధార్‌లో నమోదు చేయించాలి. పదిహేనేళ్లు నిండాక మళ్లీ ఒకసారి. రెండో తరగతి అంటే ఏడేళ్లు ఉంటాయి, ఇప్పటికే చేయించి ఉండాలి. చేయించకపోతే కార్డులో ఈకేవైసీ (ఆధార్‌తో సరిచూడటం) దగ్గర, తర్వాత బడి దగ్గర ఇబ్బంది పడతారు.

అంత్యోదయ సంగతి అడిగారు. ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి మీ ఇంట్లో ఎంతమందో లెక్కపెట్టినట్లు లేదు. అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. అది గడప లెక్క, ఇంట్లో ఇద్దరున్నా 35, తొమ్మిదిమంది ఉన్నా 35. ఒంటరి ముసలివాళ్లకు, చిన్న కుటుంబాలకు అది వరం. చిన్నదాని పేరు ఎక్కాక మీకు రావలసింది 42. పేదలకిచ్చే కార్డుల్లో అడుగునున్నది కనుక దానిలోనే ఎక్కువ వస్తుందనుకోవడం సహజం. మీ విషయంలో నెలకు 7 కిలోలు తక్కువ వస్తుంది. ఉన్న కార్డునే పట్టుకోండి.

గడప లెక్క వాటి మీద మీరు పెద్దగా చేయగలిగింది లేదు, తెలుసుకుని మసలుకోవడమే. ఉపాధి హామీ అలాంటిదే. 2006లో దేశంలో మొదటి విడత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. అప్పటినుంచీ కుటుంబానికి 100 రోజులే. ఇద్దరు తినే ఇంటికీ వందే, ఏడుగురు తినే ఇంటికీ వందే. 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన కొత్త చట్టం దాన్ని 125 రోజులు అంది. సంఖ్య పెరిగింది కానీ కొలత మారలేదు, కుటుంబానికే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది, అదీ ఇంటిమొత్తానికి.

మీకు తగిలిన దెబ్బ గృహజ్యోతి దగ్గర. 200 యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికి కట్టాలి. పథకం రాసినవాళ్ల మనసులో నలుగురుండే ఇల్లు ఉన్నట్లుంది. ఏడుగురుండే ఇంట్లో వేసవిలో రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే, పొద్దున నీళ్ల కాయిల్ పెడితే గీత దాటడం ఎంతసేపు? ఒక పని చేయండి. మీటరు రీడింగ్ తీసిన తేదీలు పాత బిల్లుల మీద ఉంటాయి, ఆ రెండు నెలలవి తీసి చూడండి. ముప్పై రోజులకు బదులు ముప్పై ఐదు రోజులకు వచ్చి రీడింగ్ తీస్తే యూనిట్లు దానంతట అవే పెరుగుతాయి. అలా జరిగి ఉంటే ఆ రెండు బిల్లులూ పట్టుకుని విద్యుత్ కార్యాలయంలో అడగండి, అడిగే హక్కు మీకుంది. తేదీలు సరిగానే ఉంటే వచ్చే వేసవిలో ప్రతి ఆదివారం మీటరు మీది అంకె క్యాలెండర్‌లో రాసుకోండి. మూడో ఆదివారానికి వాడకం 150 యూనిట్లు దాటితే కాయిల్ తీసి అటక మీద పెట్టండి, ఎండాకాలం చన్నీళ్లే హాయి.

ఇక మూసిన తలుపు. ఇక్కడ మీకు చెప్పగలిగిన మంచిమాట తక్కువ. 2013 ఆహార భద్రత చట్టంలో గర్భిణికి, బాలింతకు 6 వేలకు తక్కువ కాకుండా ఇవ్వాలని రాశారు. ఎన్నో కాన్పుకు అని అక్కడ అడగలేదు. దాన్ని అమలు చేయడానికి 2017లో వచ్చిన మాతృ వందన పథకంలోకి దిగేసరికి మొదటి బిడ్డకే అయింది, 5 వేలు. 2022 నుంచి రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6 వేలు చేర్చారు. మూడో కాన్పు, నాలుగో కాన్పు మాటే లేదు. మన దగ్గర 2017లో వచ్చిన కేసీఆర్ కిట్‌లో మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు అన్నప్పుడూ రెండు కాన్పుల వరకే. కనుక మీకు చెప్పింది అబద్ధం కాదు. చెప్పిన తీరు మాత్రం తప్పు. రాదు అని చెప్పడం వాళ్ల పని. ఎవరు కనమన్నారు అని అడగడం ఎవరి పనీ కాదు.

ఈ ప్రశ్న మనకే ప్రత్యేకం కాదు లెండి. ధనిక దేశమైన బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ 6 నుంచి పుట్టిన మూడో బిడ్డకు, ఆ తర్వాతి బిడ్డలకు పేద కుటుంబాలకు ఇచ్చే పిల్లల భత్యం నిలిపేశారు. ఇద్దరు దాటితే మీ ఖర్చు మీదే అన్నారు. ఏళ్ల తరబడి వాదులాడుకున్నాక 2026 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన తీసేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో అక్కడి ఆర్థిక మంత్రి ప్రకటించారు. మనమూ ఇద్దరు దాటిన వాళ్లు సర్పంచికి, వార్డు సభ్యత్వానికి నిలబడకూడదని 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టుకుని, ఆంధ్రలో 2024లో, తెలంగాణలో 2025లో ఎత్తేశాం. నిన్నటిదాకా ఎక్కువ కన్నారని తప్పుపట్టిన నాయకులు ఇప్పుడు జనాభా తగ్గుతోంది, ఇంకా కనండి అంటున్నారు. ఈ మధ్యలో పుట్టిన మీ చిన్నది ఏ మాట విని పుట్టాలో మీ అత్తమ్మనే చెప్పమనండి. నేను అన్నానని చెప్పినా ఫరవాలేదు.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. డబ్బుకు కాన్పు లెక్క ఉంది, తిండికి లేదు. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా ప్రతి బిడ్డకూ నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు రావాలి. అది ఎన్నో బిడ్డ అని అడగరు. మీ చిన్నదానికి ఇంకో ఏడాది ఆ హక్కు ఉంది. తెచ్చుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. డబ్బు రాదన్నారని అలిగి అంగన్‌వాడీ గడప తొక్కడం మానేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ పొరపాటు చేసి ఉంటే రేపే సరిదిద్దుకోండి.

ఇప్పుడు మళ్లీ మాచర్ల. ఇద్దరినీ పంపి అక్కడి కార్డులోకి మారిస్తే ఇక్కడ నెలకు 12 కిలోలు, ఏడాదికి 144 కిలోల సన్నబియ్యం తగ్గుతుంది. అది పైకి కనిపించే నష్టం. కనిపించనిది ఇంకొకటి ఉంది. ఇక్కడ జిల్లా స్థాయి ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఆ స్థానికత 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూసి తేలుస్తారు. మీ పాపకు ఈ ఏడాదితో ఆ నాలుగేళ్లు నిండుతాయి. బాబు రెండో తరగతిలోనే ఉన్నాడు. వాడు ఏటి అవతల ఏడో తరగతి దాకా ఉండిపోతే పుట్టిన జిల్లాలోనే పరాయివాడవుతాడు. డాక్టరు చదువు సీట్లకు ఇంకో నిబంధన ఉంది, ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలి. 2024లో పెట్టిన ఆ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. మన పిల్లలు డాక్టర్లు ఎక్కడవుతారు అని మీరు నవ్వుకోవచ్చు. హమాలీల పిల్లలు అయ్యారు, నేను చూశాను. సాగర్ కట్ట దాటితే మాచర్ల గంట ప్రయాణమే. ఈ లెక్కల్లో మాత్రం అది వేరే రాష్ట్రం.

డబ్బుగా చేతికి రాదు కానీ దాదాపు అంతే విలువైనది ఇవతలే ఉంది. రెండో పాప నాలుగో తరగతి అన్నారు. గురుకులంలో ఐదో తరగతి ప్రవేశాలకు ఏటా ఒకే ఉమ్మడి పరీక్ష పెడతారు. సాధారణంగా డిసెంబరు ప్రాంతంలో ప్రకటన, ఫిబ్రవరిలో పరీక్ష. పల్లెల్లో ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. ఒక ఇంటి నుంచి ఇంతమందే అని లేదు. 2024 చివర్లో గురుకులాల తిండి ఖర్చు 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి దాకా బిడ్డకు నెలకు 950 ఉన్నది 1,330 అయింది. పది నెలలకు లెక్కేయండి, 13,300. మీ చెల్లెలికి ఒక బిడ్డకు చేతికి వచ్చేది 13 వేలు. తిండి ఒక్కటే ఇది. బట్టలు, పుస్తకాలు, పడక వేరే. మొదటి గురుకులం పుట్టింది కూడా మన పాత నల్లగొండలోని సర్వేల్‌లోనే, 1971లో.

అయితే పిల్లను పిన్ని దగ్గరికి పంపవద్దని చెప్పి హాస్టల్‌కు పంపమంటుందేమిటి ఈవిడ అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన అనుమానమే. గురుకులాలన్నీ స్వర్గాలని నేను అనను. అన్నం బాగాలేదని, పిల్లలకు వాంతులయ్యాయని పేపర్లో వచ్చే వార్తలు ఊరికే రావు. పరీక్ష రాయించడానికి ఖర్చు స్వల్పం, రాయించండి. సీటు వచ్చాక ఆ బడికి ఒక పూట మీరే వెళ్లి వంటగది, మరుగుదొడ్లు, రాత్రి పడుకునే గది చూడండి. పాపను కూడా తీసుకెళ్లండి. నచ్చకపోతే చేర్చకండి. ఊళ్లో బడి ఎక్కడికీ పోదు, మధ్యాహ్న భోజనం ఉంది. చెల్లెలి ఇంటికీ దీనికీ తేడా ఒక్కటే, ఇక్కడ సీటు మీ పాప పేరు మీదే ఉంటుంది, ఎవరి దయా అక్కర్లేదు. బాబు చిన్నవాడు, వాడు మీ దగ్గరే ఉండాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మాత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. ప్రకటన వచ్చాక మీసేవ ముందు ఉండే వరస మీకు తెలుసు.

చివరగా మీరు అడగని విషయం. ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండో పాప నాలుగో తరగతి, బాబు రెండో తరగతి అని రాశారు. పెద్దమ్మాయికి పన్నెండు అని వయసు రాశారు, తరగతి రాయలేదు. చిన్నదాన్ని చూసుకోవాలి కాబట్టి పంపలేనన్నారు. ఏడో తరగతిలో ఉండాల్సిన పిల్ల. మీరు పత్తికి పోయిన రోజు కూలి మీ చేతికి వస్తుంది. ఆ రోజంతా చెల్లెల్ని చంకన వేసుకుని తిరిగిన పిల్ల కూలి ఏ పథకంలోనూ లేదు, తలకూ లేదు, గడపకూ లేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదమ్మా. మేము ఐదుగురం, మా అక్క అలాగే ఆరో తరగతిలో ఆగిపోయింది. నేను ఉద్యోగం చేశాను, ఆమె సంతకం నేర్చుకుంది. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే.

మీ పెద్దమ్మాయి పేరు ఇంకా హైస్కూలు రిజిస్టర్‌లో ఉందేమో ప్రధానోపాధ్యాయుణ్ని కలిసి కనుక్కోండి. ఉంటే నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. బడి మానేసి చాలా రోజులై ఉంటే దగ్గర్లోని కస్తూర్బా విద్యాలయంలో అడగండి. బడి మానేసిన ఆడపిల్లల కోసమే అవి పెట్టారు, ఆరో తరగతి నుంచి ఉండి చదువుకోవచ్చు, ప్రవేశ పరీక్ష లేదు. చిన్నదాని సంగతంటారా? బడివేళల్లో అత్తమ్మ చూడాలి. ఎవరు కనమన్నారు అని అడిగే నోరున్న మనిషికి మనవరాలిని ఎత్తుకునే చేతులూ ఉంటాయి. మెత్తగా అడగండి, కాదనకపోవచ్చు. ఉపాధి పని రోజుల్లో అయితే తల్లుల వెంట వచ్చే చిన్నపిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే, వాళ్లను చూడటానికి కూలీల్లోనే ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి కట్టివ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. మీ ఊళ్లో ఎవరూ అడిగి ఉండరు. మీలాంటి తల్లులు నలుగురైదుగురు కలిసి ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండి. ఏడాది గడిస్తే చిన్నదానికి మూడేళ్లు నిండుతాయి, అంగన్‌వాడీలో కూర్చోబెట్టవచ్చు.

మీ తర్వాతి ఉత్తరం పెద్దమ్మాయి చేత రాయించండి. ఏ తరగతిలో కూర్చుందో పైన రాయమనండి.